బ్రెవెలు అయ్యాయి, తర్వాత ట్రాన్స్‌కాంటినెంటల్: హైదరాబాద్‌లో ఉంటూ ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: మౌలాలి రైడర్

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్‌లో ఒక బ్యాంకులో క్యాషియర్‌ని, ఇల్లు మౌలాలి. ఈ సీజన్‌లో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవెలు (ఇచ్చిన టైములోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) నాలుగూ టైములోపే పూర్తి చేసి ఎస్ఆర్ (సూపర్ రాండన్యూర్) అయ్యాను. 600 చివర్లో విజయవాడ హైవే మీద తెల్లవారుతుంటే పక్కనున్నవాళ్లంతా ఇంటికెళ్లి ఎంతసేపు పడుకోవాలా అని మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం ఇంకా పోవాలనే ఉంది.

ఆ కోరిక ఇప్పుడు ట్రాన్స్‌కాంటినెంటల్ రేస్ దాకా వచ్చింది. సుమారు 4,000 కిలోమీటర్లు, యూరప్ ఈ చివర నుంచి ఆ చివరకి. వెనక కారు ఉండదు. ఏ దారిన పోవాలి, ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, అన్నీ మనమే చూసుకోవాలి. 2019లో బల్గేరియాలోని బుర్గాస్ నుంచి ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ దాకా జరిగినప్పుడు ఫియోనా కోల్బింగర్ అనే జర్మన్ అమ్మాయి 10 రోజుల 2 గంటల 48 నిమిషాల్లో చేరింది. ఆడవాళ్ల విభాగంలో మొదటి స్థానం అనుకునేరు, మొత్తం రేసులోనే మొదటిది. రెండు వందల మందికి పైగా మగవాళ్లు ఆమె వెనక వచ్చారు. ఆ సంగతి చదివాక నిద్ర పట్టలేదు.

నా అనుమానాలు ఇవి. మన దగ్గర కొండలు లేవు, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కితే అయిపోతుంది. ఆల్ప్స్‌కి కాళ్లు ఎలా తయారవుతాయి? నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. బ్రెవెల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు తోడున్నారు, రోజుల తరబడి ఒంటరిగా తొక్కింది లేదు. అమ్మకి చెబితే మొదటి మాటే "రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. సెలవు సంగతి మేనేజర్‌తో మాట్లాడుకుంటాను. మిగతావాటికి, నిజంగా చేసినవాళ్లు చెబితే వినాలని ఉంది.


జవాబు: రాంనగర్ ప్రెస్సు

మౌలాలి రైడర్ గారూ, ఎస్ఆర్‌కి ముందుగా అభినందనలు. నేను రాంనగర్‌లో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతాను. బెల్జియంలోని జెరార్డ్స్‌బెర్గెన్ నుంచి మొదలయ్యే ఎడిషన్‌లో ఈ రేసు చేసి వచ్చాను. రాత్రి పది గంటలకి వదిలారు. మ్యూర్ అనే రాళ్లు పరిచిన చిన్న కొండ ఎక్కుతుంటే ఊరి జనం రెండు పక్కలా కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. అది దాటిన కాసేపటికే ఒక్కొక్కరూ ఒక్కో రోడ్డుకి తిరిగిపోయారు, నా ముందు ఒక్క ఎర్రలైటు కూడా లేదు. రేసు అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. మీరు అడిగినవాటిలో అసలైనది కూడా ఒంటరితనమే, కొండలు దాని తర్వాత.

కాళ్ల గురించి బెంగ వదిలేయండి. నలభై గంటల్లో 600 తొక్కిన కాళ్లు కొంచెం అలవాటు చేస్తే ఆల్ప్స్ కూడా ఎక్కుతాయి. ఈ రేసులో మనిషిని వెనక్కి లాగేది వేగం తక్కువై కాదు, ఆగి ఉన్న టైము ఎక్కువై. ఒక లెక్క చెబుతాను. 4,000 కిలోమీటర్లు పదిహేను రోజుల్లో అంటే రోజుకి సుమారు 270. కొండలు, ట్రాఫిక్, ఎర్ర సిగ్నళ్లు అన్నీ కలుపుకుని గంటకి 20 వచ్చినా పదమూడున్నర గంటలు తొక్కితే చాలు. నిద్రకి ఐదు గంటలు తీసేయండి. ఇంకా ఐదున్నర గంటలు మిగిలాయి కదా, అవి ఎటు పోతాయో చూసుకోవడమే మీ ట్రైనింగ్. సూపర్‌మార్కెట్‌లో ఏం కొనాలో తోచక తిరగడం, ఫోన్ చార్జింగ్ కోసం కేఫ్‌లో కూర్చోవడం, బ్యాగులో గ్లవ్స్ ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం. వీటిలో రోజుకి రెండు గంటలు మిగిల్చుకున్నా నలభై కిలోమీటర్లు కలిసొస్తాయి. రెండు గంటలు గట్టిగా తొక్కి అదనంగా నలభై సంపాదించడం మనలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి మీ తర్వాతి 300 ఇలా చేసి చూడండి. కర్నూలు వైపు వెళ్లండి. ఇడ్లీ బండి, టీ కొట్టు, ధాబా ఏవీ వద్దు. పెట్రోల్ బంకు పక్కన కొట్లో దొరికేవి మాత్రమే తినండి: బ్రెడ్, అరటిపండ్లు, పెరుగు, పల్లీ చిక్కీ, ఉప్పు వేరుశెనగలు. ఫోన్‌లో పది నిమిషాల టైమర్ పెట్టుకోండి. నీళ్లు నింపడం, బాత్రూమ్, కొనడం, తర్వాత రెండు గంటలకి సరిపడా జేబుల్లో సర్దుకోవడం అంతా ఆ పది నిమిషాల్లో అయిపోవాలి. తినడం సైకిల్ మీదే. మొదట్లో చిరాకేస్తుంది. చేయగా చేయగా చేతులకి అదే అలవాటవుతుంది, బుర్ర అలిసిపోయినప్పుడు కూడా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.

రూల్స్ గురించి మీకు తెలిసే ఉంటుంది, కానీ బ్రెవెలకి అలవాటు పడ్డ మనకి గట్టిగా తగిలేవి రెండున్నాయి. ఒకటి, ఎవరి వెనకా చక్రం అంటించి తొక్కకూడదు. జూన్, జూలైల్లో జహీరాబాద్ రోడ్డు మీద పడమటి గాలి కొడుతుంటే మనం ఏం చేస్తాం? వరసగా ఒకరి వెనక ఒకరం దాక్కుంటాం. అక్కడ అది లేదు, గాలంతా మీదే. అందుకే ఆ నెలల్లో ఆ రోడ్డు మీద ఒంటరిగా వెళ్లి, ఏరో బార్స్ (మోచేతులు ఆనించడానికి హ్యాండిల్‌కి ముందు బిగించే కడ్డీలు) మీద వంగి గంటల తరబడి ఉండటం అలవాటు చేసుకోండి. రెండోది, ఎవరికైనా దొరికే సాయమే మీరూ తీసుకోవాలి. హోటల్, కొట్టు, సైకిల్ షాపు, వీటిలో డబ్బిచ్చి ఏం తీసుకున్నా తప్పు లేదు. కానీ మ్యూనిక్‌లో మీ పెదనాన్నగారి అబ్బాయి ఉంటే వాళ్లింట్లో పడుకోవడం, అన్నం తినడం కుదరదు. తోటి రైడర్ ట్యూబ్ ఇచ్చినా తీసుకోకూడదు. నాకు ఈ రూల్ చాలా ఇష్టం. అక్కడ ఏ ఊళ్లోనూ చుట్టాలు లేని మనకీ, దారి పొడుగునా స్నేహితులున్న యూరప్ రైడర్‌కీ ఇది ఒకే న్యాయం.

ఆర్గనైజర్లు ఇచ్చేది నాలుగు కంట్రోల్ పాయింట్లు (అందరూ తప్పక చేరాల్సిన చోట్లు), వాటి దగ్గర తప్పనిసరిగా తొక్కాల్సిన కొంత దారి. మధ్యలో రూటు పూర్తిగా మీది. ఇక్కడే నెలల కొద్దీ పని ఉంది. నేను ప్రెస్ మూశాక రోజూ రాత్రి కూర్చుని మ్యాప్‌లో ప్రతి టన్నెల్‌నీ వీధి ఫొటోలతో సరిచూసుకునేవాణ్ణి. సైకిళ్లకి అనుమతి లేని టన్నెల్స్, హైవేలు చాలా ఉంటాయి, రేసు వాళ్లు నిషేధించిన రోడ్ల జాబితా వేరే ఉంటుంది. పొరపాటున ఎక్కినా పెనాల్టీ పడుతుంది. మ్యాప్‌లో సన్నగా కనిపించే తెల్ల గీత ఒక్కోసారి కంకర బాట అవుతుంది, ఒక్కోసారి పొలం గట్టు అవుతుంది. దూరం పది కిలోమీటర్లు ఎక్కువైనా నేనైతే నున్నటి రోడ్డుకే ఓటేస్తాను.

కొండల సంగతి. అనంతగిరిని తక్కువగా చూడకండి. శుక్రవారం డ్యూటీ అయ్యాక చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీదుగా వికారాబాద్ చేరి, రాత్రంతా ఆ ఘాట్ ఎక్కుతూ దిగుతూ ఉండండి. ఎక్కడం కోసం కాదు, విసుగుని తట్టుకోవడం కోసం. శ్రీశైలం రోడ్డు మంచిదే, కానీ మన్ననూర్ దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, ఆ టైము చూసుకుని బయల్దేరండి. అసలు ఇక్కడ దొరకనిది ఎత్తు కాదు, చలి. ఆల్ప్స్‌లో రెండు వేల మీటర్లు దాటిన కనుమ మీద రాత్రి వాన పడితే జూలైలో కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. పైకి ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు అరగంటకు పైగా చల్లగాలి. వేళ్లకి బ్రేకు తగలడం తెలియదు. దానికోసం ఆగస్టులో నీలగిరికి వెళ్లండి. మసినగుడి నుంచి ఊటీకి కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. వాహనాలకి ఎప్పుడెప్పుడు అనుమతి ఉందో ముందే కనుక్కోండి. ఎక్కడం ఎటు నుంచైనా ఎక్కండి, మీకు కావాల్సింది వానలో దిగడం. ఏ జాకెట్ పనికొస్తుంది, ఏ గ్లవ్స్ పనికిరావు అనేది అక్కడ తేల్చుకోండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. అక్కడ ట్రాఫిక్ కుడి పక్కన. పగలు నలుగురితో పాటు వెళ్తుంటే ఏ ఇబ్బందీ లేదు. తెల్లవారుజామున మూడింటికి బంకు దగ్గర పడుకుని లేచి, ఖాళీ రోడ్డు మీదకి వచ్చినప్పుడు మన చెయ్యి అలవాటుగా ఎడమకే తిప్పుతుంది. నేను హ్యాండిల్‌బార్ మీద కుడివైపు బాణం గుర్తు స్టిక్కర్ మా ప్రెస్సులోనే కొట్టించి అంటించుకున్నాను. మీరూ అంటించుకోండి.

కరెంటు విషయం. ముందు చక్రానికి డైనమో హబ్ (చక్రం తిరిగితే కరెంటు పుట్టించేది) పెట్టించుకుంటే లైటుకి ఇక చూసుకోనక్కర్లేదు. కాకపోతే ఘాట్ ఎక్కేటప్పుడు ఆ వేగానికి ఫోన్ చార్జ్ అవదు. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ తోడుంచుకోండి. అది 74 వాట్ అవర్ అవుతుంది, విమానంలో 100 దాకా అనుమతి, చేతి సామానులోనే పెట్టాలి. సైకిల్ ఖరీదైనదే కావాలని లేదు. టైర్లు 30 ఎంఎం దాకా పట్టే ఫ్రేమ్, వెనక 34 పళ్ల గేరు, మీ ఒంటికి సరిపోయిన ఫిట్ ఉంటే చాలు. డబ్బు పెట్టాల్సింది సీటు, టైర్లు, లైట్ల మీద.

చివరగా నిద్ర గురించి. ఈ రేసు మొదలుపెట్టిన మైక్ హాల్ 2017 మార్చి 31న ఆస్ట్రేలియాలో ఇలాంటి రేసులోనే, క్యాన్‌బెర్రా దగ్గర తెల్లవారుజామున కారు గుద్ది చనిపోయాడు. ప్రపంచాన్ని సైకిల్ మీద చుట్టి వచ్చిన మనిషి. రోడ్డు మీద ఎదుటివాడు ఏం చేస్తాడో మన చేతుల్లో లేదు. మన కళ్లు మూతపడకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది. రోడ్డు మీద తెల్లగీత రెండుగా కనబడినా, చెట్టు మనిషిలా కనబడినా ఆగిపోండి. తర్వాతి ఊరు ఐదు కిలోమీటర్లే ఉందని లాగొద్దు. రిఫ్లెక్టివ్ జాకెట్ తీయకుండానే పక్కకి వెళ్లి ఇరవై నిమిషాలు పడుకోండి. ర్యాంకు పోతే పోనివ్వండి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకండి.


జవాబు: పెడల్ సిరి

అక్కా, ప్రెస్సు అన్న చెప్పినవాటికి నేను ఒప్పుకుంటాను. పడుకోవడం, తినడం గురించి మాత్రం ఆడపిల్లగా నేను చెప్పాల్సింది ఉంది. నేను ఫ్రాన్స్‌లో జరిగే 1,200 కిలోమీటర్ల బ్రెవె పారిస్–బ్రెస్ట్–పారిస్ 2023లో చేశాను, ఆ తర్వాత బాల్కన్ దేశాల్లో ఒక్కదాన్నే బ్యాగులు కట్టుకుని తిరిగాను. ట్రాన్స్‌కాంటినెంటల్ ఇంకా చేయలేదు.

మీ అమ్మగారికి చెప్పాల్సిన జవాబు ఇది: "ఎక్కువ రాత్రులు హోటల్లోనే అమ్మా." ఈ రేసులో అందరూ బస్టాపుల్లోనే పడుకుంటారని ఫొటోలు చూసి అనుకుంటాం. నాలుగైదు గంటల నిద్ర, వేడినీళ్ల స్నానం, షార్ట్స్ ఉతికి ఆరేసుకోవడం, అన్ని చార్జర్లూ ఒకేసారి పెట్టుకోవడం, ఇవన్నీ ఒక్క గదిలో అయిపోతాయి. సాయంత్రం ఐదింటికల్లా రాత్రి పన్నెండుకి ఎక్కడికి చేరతానో అంచనా వేసి, ఆ ఊళ్లో గది బుక్ చేసి, ఆలస్యంగా వస్తానని ఫోన్ చేసి చెప్పేదాన్ని. తాళం ఎక్కడ పెడతారో మెసేజ్ పంపమనేదాన్ని. గది దొరకని రాత్రికి బివ్వీ బ్యాగ్ (ఆరుబయట దూరి పడుకునే సంచి) ఉండాలి, అది వద్దనను. బయట పడుకోవాల్సి వస్తే రోడ్డు మీదకి కనబడని చోటు చూసుకోవాలి. ఊరికి కొంచెం దూరంగా చర్చి అరుగు, ఆటస్థలం పక్కన కప్పున్న షెడ్డు లాంటివి. చీకటి పడ్డాక, ఎవరూ చూడనప్పుడు చేరి, తెల్లవారకముందే లేచి వెళ్లిపోవాలి. రేసు పెట్టే ట్రాకర్ ఉంటుంది కాబట్టి మ్యాప్ మీద మీ చుక్క ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది. మా అమ్మకి మ్యాప్ చూడటం నేర్పించాక ఆవిడ టెన్షన్ సగం తగ్గింది. చుక్క ఆగితే పడుకున్నానని అర్థం, కంగారుపడి ఫోన్ చేయొద్దని ముందే చెప్పి పెట్టండి.

రొమేనియాలో ట్రాన్స్‌ఫాగరాషాన్ అనే కొండ రోడ్డు ఉంది, 2,042 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఈ రేసుకి అది కంట్రోల్ అయిన సందర్భాలున్నాయి. ఆ రోడ్డు పక్కన ఎలుగుబంట్లు తిరుగుతాయి, కార్లవాళ్లు ఆపి తిండి పెట్టి అలవాటు చేశారు. ఆ అడవిలో మాత్రం బయట పడుకోవద్దు. బ్యాగులో తిండి ఉంచుకుని అసలే వద్దు. కుక్కల గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, మౌలాలి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరేవాళ్లకి తెలియని కుక్కలా! గొర్రెల మందల దగ్గర కాపలా కుక్కలు మాత్రం వేరు, పెద్దవి, గుంపుగా వస్తాయి. దిగి సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని మెల్లగా నడిచి పోవడమే నాకు పనికొచ్చింది.

తిండి. గుడ్డు కూడా లేదంటే కష్టమే, కానీ అవుతుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారం సాయంత్రమే కొనుక్కోవాలి, లేదంటే పెట్రోల్ బంకులే దిక్కు. ఫ్రాన్స్ పల్లెల్లో మధ్యాహ్నం కొట్లు మూసి ఉంటాయి. బాల్కన్స్‌లోకి వచ్చాక బేకరీలు పొద్దున్నే తెరుస్తారు, నాకు అక్కడే ప్రాణం లేచొచ్చింది. బోస్నియాలో బూరెక్ అడిగితే మాంసం పెట్టిందే ఇస్తారు. జున్నుది కావాలంటే సిర్నిత్సా (గుడ్డు వేశారేమో కనుక్కోండి), ఆలుగడ్డది కావాలంటే క్రొంపిరుషా అని అడగండి. బల్గేరియాలో బనిత్సాలో జున్నుతో పాటు గుడ్డు కూడా వేస్తారు కాబట్టి అది మీకు కుదరదు. పెరుగు మాత్రం అంతటా చిక్కగా, బాగుంటుంది. అన్నం దొరకదు, సూపర్‌మార్కెట్లో మైక్రోవేవ్ అన్నం ప్యాకెట్ చల్లగానే విప్పి, పెరుగు కలిపి, ఇంటి నుంచి తీసుకెళ్లిన మాగాయ కారం చల్లుకుని బెంచీ మీద కూర్చుని తిన్నాను. నీళ్లకి శ్మశానాల దగ్గర కుళాయిలు చూడండి, పూలమొక్కలకి పెట్టినవి. తాగడానికి కాదని బోర్డు లేకపోతే నేను అక్కడే నింపుకునేదాన్ని.

నెలసరి తేదీ ఎప్పుడు పడుతుందో ముందే లెక్క వేసుకోండి. మెన్‌స్ట్రువల్ కప్ వాడటం అలవాటు లేకపోతే బ్రెవెల్లోనే అలవాటు చేసుకోండి, అక్కడికెళ్లి కొత్తగా మొదలుపెట్టొద్దు.


జవాబు: వెస్ట్ మారేడ్‌పల్లి ఫిజియో

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, బ్రెవెలు తొక్కేవాళ్లు చాలామంది నా దగ్గరికి వస్తారు. క్యాషియర్ అన్నారు కాబట్టి మీ చేతుల గురించే మొదట చెబుతాను. రోజుల తరబడి హ్యాండిల్ మీద బరువు వేస్తే అరచేతి పక్కన నరం నొక్కుకుపోతుంది. చిటికెనవేలు, ఉంగరపువేలు మొద్దుబారతాయి. రేసు అయ్యాక వారాలపాటు చొక్కా బొత్తాం పెట్టుకోవడం, నోట్లు లెక్కపెట్టడం కష్టమైపోతుంది. 600 తర్వాత మీకు ఆ రెండు వేళ్లలో తిమ్మిరి ఎన్నాళ్లు ఉంది? రెండు రోజులకి మించి ఉంటే ఫిట్ మార్చుకోవాలి. హ్యాండిల్ కొంచెం పైకి, ఏరో బార్స్ మీద మోచేతులు వెడల్పుగా. ఏరో బార్స్ ఈ రేసులో వేగం కోసం కంటే చేతులకి విశ్రాంతి కోసం ఎక్కువ పనికొస్తాయి.

రెండోది మెడ. సుదూర రేసుల్లో మెడ వెనక కండరాలు ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి, తల నిలబడదు. రేస్ ఎక్రాస్ అమెరికా అనే సైకిల్ రేసులో 1983లో మైకేల్ షెర్మర్‌కి అలా అయింది, అందుకే దాన్ని షెర్మర్స్ నెక్ అంటారు. అలా అయ్యాక తలని ఏదో కర్రతో కట్టుకుని తొక్కినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ముందు రోడ్డు కనబడదు. ఇప్పటి నుంచే వారానికి మూడు రోజులు మెడకి, భుజాల మధ్య కండరాలకి వ్యాయామం చేయండి. బోర్లా పడుకుని తల, ఛాతీ లేపి ఆపి ఉంచడం, రబ్బరు బ్యాండ్‌తో వెనక్కి లాగడం. ఇంట్లో పావుగంట చాలు.

నొప్పి మాత్రల విషయంలో నాకు కోపం వస్తుంది. మోకాలు నొప్పి అనగానే ఐబుప్రొఫెన్ వేసుకుని తొక్కేస్తారు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఆ మందు కిడ్నీల మీద భారం వేస్తుంది. బాల్కన్స్‌లో ఆగస్టు ఎండ 40 డిగ్రీలకి పోతుంది, అక్కడ అసలే వద్దు. మడమ వెనక స్నాయువు (అకిలిస్ టెండన్) నొప్పి మొదలైతే సీటు రెండు మూడు మిల్లీమీటర్లు దించి, చిన్న గేరులో కాళ్లు తేలిగ్గా తిప్పండి. ఆ ఎండలో వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగినా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.

కూర్చునే చోట పుండ్లు లేచాక తగ్గించడం కంటే లేవకుండా చూసుకోవడం తేలిక. తడి షార్ట్స్‌తో పడుకోకూడదు, అంతే. సిరి గారు గది అన్నది అందుకే నాకు నచ్చింది.


ప్రశ్న అడిగినవారు: మౌలాలి రైడర్

అందరికీ చాలా థ్యాంక్స్. పెడల్ సిరి గారి జవాబు అమ్మకి చదివి వినిపించాను. ఎలుగుబంట్ల దగ్గర కొంచెం ఆగింది, తర్వాత చుక్క చూడటం తనకీ నేర్పమంది. మాగాయ కారం ఎంత కావాలంటే అంత చేసి ఇస్తానంది.

ఫిజియో గారూ, తిమ్మిరి నాలుగు రోజులు ఉంది. కౌంటర్‌లో నోట్లు లెక్కపెడుతుంటే తెలిసింది. ఫిట్ చేయించుకుంటాను.

రాంనగర్ అన్నగారూ, ఇంకో రెండు అడుగుతాను. వీసా సంగతి ఏమిటి? రేసు ఏడెనిమిది దేశాల మీదుగా పోతుంది కదా. అలాగే, సైకిల్ మధ్యలో విరిగిపోతే రేసు అయిపోయినట్టేనా?


జవాబు: రాంనగర్ ప్రెస్సు

వీసా గురించి మీరు ఇప్పుడే అడగడం మంచిదైంది. షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) తీసుకునేటప్పుడు తప్పనిసరిగా మల్టిపుల్ ఎంట్రీ అడగండి. ఎందుకంటే రూటు సెర్బియా, బోస్నియా లాంటి షెంగెన్‌లో లేని దేశంలోకి దిగి, మళ్లీ షెంగెన్‌లోకి ఎక్కవచ్చు. సింగిల్ ఎంట్రీ అయితే ఒకసారి బయటికి వచ్చాక తిరిగి రానివ్వరు. క్రొయేషియా 2023లో షెంగెన్‌లో చేరింది, బల్గేరియా, రొమేనియాల రోడ్డు సరిహద్దులు 2025 జనవరి నుంచి షెంగెన్‌లోకి వచ్చాయి. దీనివల్ల మనవాళ్లకి తూర్పు వైపు చాలా తేలికైంది. పాత బ్లాగుల్లో బల్గేరియా వీసా వేరే అని రాసి ఉంటుంది, వాటిని పట్టించుకోకండి. మిగతా బాల్కన్ దేశాలకి మీ పాస్‌పోర్టు మీద ఏం అడుగుతారో ఆయా ఎంబసీ వెబ్‌సైట్‌లోనే చూడండి. 2023 మొదట్లో సెర్బియా మనవాళ్లకి వీసా లేకుండా వచ్చే వెసులుబాటు తీసేసింది, ఇలాంటివి మారిపోతుంటాయి.

ఇంకో చిక్కుంది. రేసు పూర్తయ్యే ఊరు, రోజు పక్కాగా తెలియకుండానే వీసా ఫారంలో ప్రయాణ ప్రణాళిక రాయాలి. హోటల్ బుకింగ్‌లు అడుగుతారు. రద్దు చేసుకోగలిగిన బుకింగ్‌లు ఊరి ఊరికీ పెట్టి, రేసు వాళ్లు ఇచ్చిన ఎంట్రీ లెటర్ జత చేసి, ఇది సైకిల్ రేసు అని కవరింగ్ లెటర్‌లో సూటిగా రాశాను. బ్యాంకు ఉద్యోగం, సెలవు మంజూరు ఉత్తర్వు ఉంటాయి కాబట్టి మీ కాగితాలు నావాటి కంటే గట్టివే. జూలై చివర్లో రేసు, వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంట్లు దొరకవు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు, ఆ మొదటి వారంలోనే చూసుకోండి.

సైకిల్ విరిగితే రేసు అయిపోదు. విరిగిన చోట గుర్తు పెట్టుకుని, బస్సో టాక్సీయో పట్టుకుని షాపుకి వెళ్లి, బాగు చేయించుకుని, మళ్లీ సరిగ్గా అదే చోటికి వచ్చి అక్కడి నుంచి తొక్కాలి. రేసు వాళ్లకి ముందు చెప్పాలి. చాలావరకు ఆ అవసరం రాకుండా చూసుకోవచ్చు. డెరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డెరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) మీ ఫ్రేమ్‌ది స్పేర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, అది ఏ పల్లె షాపులోనూ దొరకదు. విమానంలో సైకిల్ పెట్టె మీద ఏ బరువు పడినా ముందు వంగేది అదే, కాబట్టి ప్యాక్ చేసేటప్పుడు వెనక డెరైలర్ ఊడదీసి ఫ్రేమ్ లోపలికి కట్టండి. తెగిన చైన్ కలిపే క్విక్ లింక్, టైరు చిరిగితే లోపల వేయడానికి అతుకు ముక్క, రెండు ట్యూబులు, బ్రేక్ ప్యాడ్లు ఒక జత. ఆల్ప్స్‌లో వానలో దిగితే ప్యాడ్లు ఎంత త్వరగా అరుగుతాయో ఊహించలేరు. ఇవన్నీ చీకట్లో, తలలైటు వెలుగులో మీరే మార్చగలగాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లి ఒక ఆదివారం పక్కన కూర్చోండి, ఆయన చేస్తుంటే చూడటం కాదు, ఆయన చూస్తుంటే మీరు చేయండి.

దరఖాస్తులో రూల్స్ మీద, మీ అనుభవం మీద ప్రశ్నలుంటాయి. ఎస్ఆర్ ఉంది కాబట్టి ధైర్యంగా రాయండి. ఒంటరిగా రాత్రంతా తొక్కిన రైడ్ ఒకటైనా చేసి, ఏం జరిగింది, ఏం నిర్ణయాలు తీసుకున్నారో అందులో రాస్తే ఇంకా బాగుంటుంది. కంట్రోల్ పాయింట్లు ప్రకటించాక మీ రూటు ఫైలు ఇక్కడ పెట్టండి. టన్నెల్స్, రోడ్లు నేను ఒకసారి మొత్తం చూసి పెడతాను. రెండు వారాలు టైమివ్వండి, పెళ్లికార్డుల సీజన్ అయితే ఇంకో వారం.